పట్టా తాతగారిది, పైరు మనుమడిది

పళ్లిపట్టు వైపునుండి మన సంఘ సభ్యురాలొకరు మా శీర్షికకు కార్డు వ్రాశారు. కార్డు చిన్నదే గాని అందులోని కోపం పెద్దది. "2020లో కరోనా వచ్చినప్పుడు రైతులకు సర్కారు డబ్బు పంచింది గదా. మాకు ఎకరా మాగాణి, రెండెకరాల మెట్ట వున్నది. మా మామగారు పోయినప్పటినుండి మావారే సాగు చేస్తున్నారు. మాకు ఒక్క రూపాయి రాలేదు. వేలూరు పక్క మా చెల్లెలిగారి వూళ్లో సెంటు నేల లేనివారికి రెండేసి వేలు వచ్చినవి. ఇదెక్కడి న్యాయం? మీరు ఆఫీసులో పనిచేసేవారు గనుక మీకు తెలిసి వుంటుంది, వ్రాయండి" అన్నారు.

న్యాయం యెక్కడిదో చెప్పగలిగేటంతటి వారము కాము. ఇరవై యేండ్లుగా కాగితాల మధ్య కూర్చున్నాము గనుక కాగితం యెక్కడ అడ్డం తగిలిందో మాత్రం చెప్పగలము. ఆ సోదరికి ఒక్కరికే జవాబు వ్రాసి వూరుకొనవచ్చును. కాని తిరువళ్లూరు, తిరుత్తణి పక్క మన తెలుగు కుటుంబాలలో ఇదే కథ పది యిండ్లలో విన్నాము. అందుచేత ఈ నెల మా పేజీ అంతా దీనికే.

ముందుగా ఆ డబ్బు ఏమిటో చూద్దాము. దానిని "కరోనా డబ్బు" అని అందరూ అన్నారు. నిజానికి అది కరోనాకు ముందుదే. ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి అనే పథకాన్ని 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూరులో ప్రారంభించారు. భూమిగల రైతు కుటుంబానికి యేడాదికి 6,000 రూపాయలు, నాలుగు నెలలకొకసారి 2,000 చొప్పున మూడు వాయిదాలలో నేరుగా బ్యాంకి ఖాతాలో వేస్తారు. మొదట అయిదెకరాలలోపు, అనగా రెండు హెక్టార్లలోపు వారికే అన్నారు. 2019 జూన్ నుండి ఆ పరిమితి తీసివేసి భూమిగల వారందరికీ అన్నారు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌను మొదలయింది. మరునాడే, 26వ తేదీన, ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్‌గారు సహాయాల పట్టిక చదివారు. అందులో ఒకటి: 8 కోట్ల 70 లక్షల రైతులకు ఏప్రిల్ మొదటి వారాలలోనే 2,000 రూపాయలు. ఏప్రిల్ మొదలు జూలై లోపల యెప్పుడో రావలసిన వాయిదానే ముందుకు జరిపి యిచ్చారన్నమాట. మా ఆఫీసు లెక్కలో చెప్పాలంటే, ఒకటో తేదీ జీతాన్ని పండుగకోసం ఇరవయ్యయిదో తేదీనే యిచ్చినట్లు. జీతం పెరగలేదు, చేతికి ముందు వచ్చింది. అయినా ఆ ఏప్రిల్‌లో ముందు రావడమే గొప్ప.

ఏలనంటే ఆ వేసవి మన జిల్లా రైతుకు ఎట్లా గడిచిందో మనమందరమూ కళ్లారా చూచినదే. వ్యవసాయపు పనులకు అనుమతి వున్నది గాని కూలీలు రాలేదు, రైలు లేదు. కాయగూర పండించినవారికి చెన్నపట్నం కోయంబేడే దిక్కు. ఆ కోయంబేడు అంగడిలోనే ఏప్రిల్ చివర జబ్బు పట్టుకొని జిల్లాజిల్లాకూ పాకింది. 2020 మే 5న అంగడి మూశారు. వారం తిరగకుండా టోకు బేరాన్ని మన జిల్లాలోని తిరుమళిశైకి మార్చారు. తిరుమళిశై ఆళ్వారు పుట్టిన వూరిలో రేకుల పందిళ్లక్రింద ఉల్లిగడ్డలూ టమాటాలూ గుట్టలు పోశారు. వాన పడితే బురద. సెప్టెంబరు నెలలో కోయంబేడు తిరిగి తెరిచేదాక అదే అంగడి. పండ్ల బేరం మాధవరం బస్‌స్టాండుకు వెళ్లింది. తిరుత్తణిలో ఆడికృత్తిక కూడ ఆ యేడు భక్తులు లేకుండానే జరిగింది. కొండక్రింద పూలూ కర్పూరమూ అమ్ముకొనేవారు, వారికి పూలు పండించి యిచ్చేవారు, ఇద్దరూ వట్టి చేతులతో కూర్చున్నారు.

అట్టి రోజులలో 2,000 రూపాయలంటే యెంత? మేము సరదాకు లెక్క వేసి చూచాము. 2020లో డీఏపీ మూట సుమారు 1,200 రూపాయలు. నలభయ్యయిదు కిలోల యూరియా మూట 266 రూపాయల 50 పైసలు. ఒక డీఏపీ, మూడు యూరియా మూటలు తీసుకొంటే 1,999 రూపాయల 50 పైసలు. అర్ధరూపాయి మిగులు. ఇంకొక విధంగా చూస్తే, ఉపాధి హామీ పనికి ఆ ఏప్రిల్ నుండి తమిళనాట దినకూలి 256 రూపాయలు అన్నారు. ఎనిమిది దినాల కూలికి రెండువేలు 48 రూపాయలు తక్కువ. ఇది గొప్ప ధనమని యెవరూ అనరు. కాని ఎకరా నాటుకు ఎరువు అప్పు తెచ్చేవానికి, ఆ అప్పు యిచ్చేవాని గుమ్మం తొక్కకుండా ఒక కారు గడిస్తే, దాని విలువ లెక్కలో వచ్చినదానికంటె యెక్కువే.

ఇక అసలు సంగతికి వస్తాము. ఈ డబ్బు దున్నేవానికి కాదు, పట్టా వున్నవానికి. 2019 ఫిబ్రవరి 1వ తేదీనాటికి భూమి రికార్డులో యెవరి పేరు వున్నదో వారే రైతు. ఆ తేదీ తరువాత కొన్నవారికి అయిదేండ్లదాక లేదు. చావువలన వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రమే మినహాయింపు. మన సోదరిగారి యింట్లో జరిగినది ఇదే. మామగారు పోయారు, కర్మ జరిగింది, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకొన్నారు, పైరు మనుమడిదాక వచ్చింది. పట్టా మాత్రం ఇంకా పెద్దాయన పేరనే, ఆయనకంటె ముందున్న తాతగారి పేరనే నిలిచివున్నది. తాతగారికి ఆధారు కార్డు లేదు. స్వర్గంలో బ్యాంకి ఖాతా తెరవరు.

ఇందులో మన నిర్లక్ష్యం కొంత, మన ప్రాంతపు చరిత్ర కొంత. రెండవదానిని బయటివారు యెరగరు గనుక కొంచెము విస్తరించి చెబుతాము.

తిరుత్తణి పక్క నేలలు ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలోనివి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు తిరుత్తణి దానిలో చేరింది. 1948 చట్టంతో జమీలు పోయి, రైతుకు సర్కారు పట్టా అనేది వచ్చింది. ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు తిరుత్తణి ఆంధ్రలో వుండిపోయింది. తరువాత మా.పొ.శివజ్ఞానంగారి పోరాటము, పటాస్కరుగారి తీర్పు, 1959 చట్టము. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు పక్క వూళ్లు అటు పోయినవి. రాత్రి ఆంధ్రలో పడుకొని తెల్లవారి మద్రాసు రాష్ట్రంలో లేచామని మన పెద్దలు చెప్పేవారు. మనుషులు యెక్కడివారక్కడే వున్నారు. కాగితాలు మాత్రం చిత్తూరునుండి చెంగల్పట్టుకు నడిచివెళ్లాయి. మళ్లీ 1997 జనవరి 1న తిరువళ్లూరు జిల్లా వేరయింది. మళ్లీ కాగితాలు కదిలాయి. ఈ నడుమ 1980 నవంబరులో తమిళనాట కరణం, మునసబు వుద్యోగాలు ఒక్కపెట్టున రద్దు చేశారు. మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కనబెడదాము. కరణంగారి కవిలెకట్టలో వున్నదంతా కొత్తగా వచ్చిన గ్రామ పరిపాలనాధికారి బీరువాలోకి చేరిందా అంటే, ఆఫీసు సామాను ఒకసారి మార్చినవారెవరైనా జవాబు చెప్పగలరు.

మాకు తెలిసిన యిండ్లలో 1960కి ముందటి క్రయపత్రాలు, భాగపత్రాలు తెలుగులో వున్నవి. గొలుసుకట్టు వ్రాత. ఇప్పటి ఆఫీసులో దానిని చదివేవారు లేరు. మన పిల్లలూ చదవలేరు. తమిళ మాధ్యమంలోనో, ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుకొన్నారు. ముత్తాత పేరన వున్న దస్తావేజు ట్రంకుపెట్టెలో భద్రంగా వుంటుంది. చూపించవలసిన చోట చూపించడానికి పనికిరాదు.

పేర్ల తగాదా ఇంకొకటి. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకు ఒకటే. త, ద లకు ఒకటే. ప, బ లకు ఒకటే. తమిళులకు అందులో యిబ్బంది లేదు, మాట తెలిసినవాడు సరిగానే పలుకుతాడు. కాని కంప్యూటరుకు మాట తెలియదు. మన బాలయ్యగారి పేరు పట్టాలో తమిళాన వ్రాస్తారు. దానిని ఇంగ్లీషులోకి దించేవాడు పాలయ్య అంటాడు. గురవయ్య కురవయ్య అవుతాడు, దామోదరం తామోతరం అవుతాడు. ఆధారు కార్డులో మొదటినుండి బాలయ్యే. బ్యాంకి పుస్తకంలో ఇంటిపేరుతో బాలయ్య. పట్టాలో తండ్రిపేరుతో బాలయ్య. పైగా పాత పట్టాలో చివర నాయుడో, రెడ్డో, రాజో వుంటుంది. బడి సర్టిఫికెట్టులో అది లేదు. ఒక్క మనిషికి నాలుగు పేర్లు. ఇంటిపేరు ముందు పెట్టుకొనే జాతి మనది, తండ్రిపేరు మొదటి అక్షరం ముందు పెట్టుకొనే దేశం ఇది. పెండ్లి శుభలేఖలో ఈ తేడా ముచ్చటగా వుంటుంది. డబ్బు వచ్చేచోట ముచ్చటగా వుండదు. ఆధారులో పేరు, దరఖాస్తులో పేరు అక్షరం తేడా లేకుండా కలిస్తేనే వాయిదా కదులుతుంది.

మన బాలయ్యగారు అక్షరం కలవక ఆగిపోయిన ఆ నెలలలోనే ఇంకొక తమాషా జరిగింది. తమాషా అనడం తప్పేమో. ఎన్నో బీద కుటుంబాలు అందులో నలిగినవి.

లాక్‌డౌనులో ఆఫీసులు సగం మూతబడి వుండగా రైతులు తమ పేర్లను తామే కంప్యూటరులో నమోదు చేసికొనే వసతి వున్నది. గ్రామాధికారి చూచి, వ్యవసాయశాఖవారు చూచి, ఆమోదించాలన్నది పద్ధతి. 2020 ఆగస్టులో లెక్కలు చూస్తే కొన్ని జిల్లాలలో రైతుల సంఖ్య గభాలున పెరిగిపోయి వున్నది. కళ్లకురిచ్చి, విళుపురం, కడలూరు, తిరువణ్ణామలై, వేలూరు, రాణిపేట, సేలం, ధర్మపురి, ఇట్లా. విచారిస్తే తేలినదేమంటే, ఆమోదం తెలపవలసిన అధికారుల రహస్య సంకేతాలు కంట్రాక్టు వుద్యోగుల చేతికి, వారినుండి దళారుల చేతికి, కంప్యూటరు దుకాణాల చేతికి పోయాయి. దళారి వీథిలోకి వచ్చి "కరోనా సహాయం వచ్చింది, ఆధారు నకలు, బ్యాంకి పుస్తకం నకలు యివ్వండి" అన్నాడు. కూలివారు, భూమిలేనివారు నమ్మి యిచ్చారు. డబ్బు పడింది. దళారి తనవంతు తీసుకొన్నాడు. రైతుల పథకమని, తమను రైతులుగా వ్రాశారని ఆ బీదలలో యెందరికో తెలియనే తెలియదు.

అప్పటి వ్యవసాయశాఖ ముఖ్య కార్యదర్శి గగన్‌దీప్ సింగ్ బేడీగారు 2020 సెప్టెంబరులో పత్రికలవారికి లెక్క చెప్పారు. అనర్హుల ఖాతాలకు పోయినది 110 కోట్ల పైచిలుకు. అప్పటికి 32 కోట్లు తిరిగి రాబట్టారు. 80మంది వుద్యోగులను పనినుండి తీసివేశారు, 34మందిని సస్పెండు చేశారు, 18మందిని అరెస్టు చేశారు. కేసును సి.బి.సి.ఐ.డి. పోలీసులకు అప్పగించారు. తిరిగి రాబట్టడమంటే యేమిటి? బ్యాంకివారికి జాబితా పంపి ఖాతాలోనుండి తీసుకొన్నారు. దళారికి యిచ్చిన వంతు తిరిగి రాలేదు. ఖాతాదారుని కూలిడబ్బులోనుండి పోయింది. సర్కారు సొమ్ము సర్కారుకు రావలసినదే, కాదనము. కాని వారానికొకసారి కూలిడబ్బు పడే ఖాతాను చూచుకొని, ఉన్నదికూడ పోయిందేమిటని బ్యాంకి గుమ్మంలో నిలబడిన ఆడకూతురు చేసిన నేరమేమిటి? ఆధారు నకలు యివ్వడమే.

మరుసటి సంవత్సరం, 2021 జూలైలో, పార్లమెంటులో దేశమంతటి లెక్క చెప్పారు. 42 లక్షలకు పైగా అనర్హులు. రాబట్టవలసినది సుమారు 3,000 కోట్లు. అందులో తమిళనాడు వంతు 7 లక్షల 22 వేలమంది, 340 కోట్లు. సొమ్ములో అస్సాము, పంజాబు, మహారాష్ట్ర మనకంటె ముందున్నాయి. ఇందులో సంతోషించవలసిన దేమీ లేదు.

మేము గుమాస్తాలము గనుక ఈ వ్యవహారంలో మాకు కనబడినది ఇది. భూమి లేనివాని దరఖాస్తు సాఫీగా పోయింది, ఏలనంటే వాని ఆధారూ బ్యాంకి పుస్తకమూ ఈ మధ్య చేయించినవి, పేరు కలిసింది. భూమి వివరమంటారా, అది దళారి కల్పించాడు. భూమి వున్నవాని దరఖాస్తు ఆగిపోయింది, ఏలనంటే వాని భూమి నిజమైనది. నిజమైన భూమికి పాత కాగితం, పాత పేరు, పాత తప్పు అన్నీ వుంటాయి. సోదరిగారి కోపం అర్థంలేనిది కాదు.

మరి దున్నుతున్నా పట్టా యెన్నటికీ రానివారి మాట? గుత్తకు, వారానికి చేసేవారు. కోవెల మాన్యాలను తరతరాలుగా చేసేవారు. మాన్యం దేవుడి పేరన వుంటుంది. సంస్థల భూములకు ఈ పథకం లేదు. దున్నినవానికీ లేదు, దేవుడికీ లేదు. గుత్తదారుని పేరు రికార్డులో వ్రాయాలని 1969లోనే తమిళనాట చట్టం చేశారు. అంతకుముందు 1955 చట్టం గుత్తదారుని వూరికే వెళ్లగొట్టరాదన్నది. ఆ చట్టాలు మంచివే. మంచివి గనుకనే భూస్వామి భయపడి కాగితం వ్రాయడు. నోటిమాటగానే గుత్త. ఇందులో మనవారే అటూ యిటూ వున్నారు. చెన్నపట్నంలో కాపురముండి తిరువాలంగాడు పక్క చెరుకుతోట గుత్తకిచ్చిన మన సభ్యులకు 2020 ఏప్రిల్‌లో రెండువేలు వచ్చినవి. తోటలో నిలబడినవానికి రాలేదు. ఆ డబ్బు గుత్తదారుని చేతికి యిచ్చివేసిన పెద్దమనిషి ఒకరిని మేమెరుగుదుము. పేరు వ్రాయవద్దన్నారు.

తిరుత్తణిలో బస్సెక్కితే ముప్పావుగంటలో నగరి. అక్కడ సంగతి కొంత వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 15న రైతు భరోసా అని ప్రారంభించి, కేంద్రం యిచ్చే 6,000కు తన 7,500 కలిపి 13,500 చేసింది. 2020 మే 15న, లాక్‌డౌను నడుస్తుండగానే, మొదటి వాయిదా యిచ్చారు. షెడ్యూలు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలకు చెందిన భూమిలేని కౌలుదారులకు కూడ ఆ 13,500 రాష్ట్రమే యిచ్చింది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం పదకొండు నెలలకు సాగుహక్కు కార్డు వ్రాయించుకోవాలి. దానికి భూస్వామి సంతకం కావాలి, ఆ సంతకం దొరకడమే కష్టం. అయినా కౌలుదారుడనేవాడు ఒకడున్నాడని సర్కారు కాగితం ఒప్పుకొన్నది. 2024లో ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ పేరిట కేంద్రం రెండువేలకు 5,000 కలిపి యిచ్చారు. సరిహద్దు రాయికి ఇవతల నిలబడి చూచే మన రైతుకు "1960లో యిటు వచ్చి చెడ్డామే" అనిపిస్తే ఆశ్చర్యం లేదు. అట్లా అన్నవారికి మేము ఒక మాట గుర్తుచేస్తాము: మోటారుకు ఉచిత కరెంటు యిక్కడ ముందునుండి వున్నది, రేషను బియ్యం ఉచితం. 2021 ఫిబ్రవరి 5న సహకార బ్యాంకులలోని 12,110 కోట్ల పంట అప్పులు, 16 లక్షల 43 వేలమంది రైతులవి, మాఫీ అని ప్రకటించారు. ఆ అప్పు పుట్టడానికి కూడ చిట్టా, అడంగలు కావలసి వచ్చిందనుకోండి. మళ్లీ పట్టా వున్నవారికే.

తెలంగాణాలో 2018 నుండి నడచిన రైతుబంధు ఎకరం లెక్కన యిచ్చేది, 2020లో పంటకు ఎకరాకు 5,000. అక్కడా కౌలుదారుకు లేదు.

అమెరికాలో వున్న మన పిల్లలు అక్కడి సంగతి చెబుతుంటారు. అక్కడ 2020 ఏప్రిల్ 17న వ్యవసాయశాఖవారు రైతులకు 1,600 కోట్ల డాలర్లు రొక్కంగా యిస్తామన్నారు. పద్ధతి వేరు. యెన్ని బుషెళ్ల మొక్కజొన్న, యెన్ని పశువులు, ధర యెంత పడిపోయింది అని చూచి, నష్టానికి తగినట్లు యిచ్చారు. ఒక మనిషికి హద్దు రెండులక్షల యేబైవేల డాలర్లు. జిల్లాలవంటి కౌంటీలలో రైతుల ఆఫీసులు వుంటాయి, అక్కడ దరఖాస్తు. నష్టాన్నిబట్టి యివ్వడం విన్నప్పుడు చాలా సబబుగా తోస్తుంది. కాని పెద్ద కమతానికి పెద్ద నష్టం, పెద్ద సొమ్ము, చిన్నవానికి చిన్నదే. మన రెండువేలు ఎకరావానికీ అదే, యిరవై ఎకరాలవానికీ అదే. ఈ ఒక్క విషయంలో మనదే మేలని మా అభిప్రాయం. అయితే ఆ రోజులలో మనకు పోయినదేమిటో, టమాటా పారబోసినవాడెవడో, అడిగి వ్రాసుకొన్నవారు లేరు. పోయినదానికి గాక, వున్న పట్టాకు డబ్బు వచ్చింది.

నిజంగా అందరికీ అందిన డబ్బు యేదంటే రేషనుకార్డు డబ్బు. 2020 ఏప్రిల్‌లో బియ్యం కార్డుకు 1,000 రూపాయలు. జూన్ 19 నుండి చెన్నపట్నం, చెంగల్పట్టు, కాంచీపురం, తిరువళ్లూరు జిల్లాలలో లాక్‌డౌను బిగించిన చోట్ల ఇంకొక 1,000. 2021లో రెండవసారి జబ్బు విజృంభించినప్పుడు మే, జూన్ నెలలలో రెండువేల చొప్పున 4,000, పదునాలుగు రకాల వెచ్చాలు. దీనికి పట్టా లేదు, ఫిబ్రవరి 1వ తేదీ లేదు, ఇంగ్లీషు అక్షరం లేదు. దున్నేవాడు, కలుపు తీసేది, మగ్గం నేసేవాడు, అందరికీ వీథి చివర దుకాణంలోనే. రేషను దుకాణంలో పురుగుల బియ్యమిస్తారని మనం సణుగుతాము, సణగవలసినదే. కాని ఆపత్కాలంలో యెవరి చేతికి డబ్బు చేరిందని మమ్మల్నడిగితే ఆ దుకాణంవైపే చూపిస్తాము.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. మన సంఘం సభ్యులలోనే సర్కారు వుద్యోగం చేసి నెలకు పదివేలకు మించి పింఛను తీసుకొంటూ, ఆదాయపు పన్ను కడుతూ, "పట్టా వున్నది గదా" అని ఈ పథకంలో పేరు చేర్పించుకొన్నవారు వున్నారు. వారికి అర్హత లేదు. కడగొట్టు తరగతి వుద్యోగులు తప్ప సర్కారు వుద్యోగులకు లేదు. డాక్టరు, లాయరు, ఇంజనీరు, ఆడిటరు వృత్తి చేసేవారికి లేదు. భార్యాభర్తలు, మైనరు పిల్లలు కలిసి ఒక్క కుటుంబం. మొగుడికొకటి పెండ్లానికొకటి లేదు. పొరపాటున వచ్చినదానిని తిరిగి కట్టే వసతి వున్నది. నోటీసు వచ్చి, బ్యాంకి ఖాతా నిలిపివేసి, పేరు ఆఫీసు గోడకెక్కేదాక ఆగవద్దు. పళ్లిపట్టు సోదరి మూడెకరాలకు రాని డబ్బు మన మేడయింటికి రావడం చూస్తే ఆమె వ్రాసిన కార్డు ఇంకా పొడుగు వుండేది.

ఇక ఆమెకు, ఆమెవంటివారికి చేయవలసిన పని. ముందు తహసీల్దారు ఆఫీసునుండి వారసత్వ సర్టిఫికెట్టు తీయించాలి. దానికి మామగారి మరణ సర్టిఫికెట్టు కావాలి. పట్టా ఇంకా ముత్తాత పేరనే వుంటే ప్రతి తరానికీ ఒక మరణ సర్టిఫికెట్టు. నడుమ ఒకటి దొరకకపోతే అదే పెద్ద పని, ముందు దానికే తిరగాలి. అన్నదమ్ములు పంపకం రిజిస్టరు చేసుకొంటే విడిపట్టా. లేకుంటే అందరి పేరన ఉమ్మడి పట్టా. ఉమ్మడి పట్టా అయినా తమ వాటామేరకు ఒక్కొక్క కుటుంబానికీ అర్హత వున్నది గనుక, పంపకం తేలలేదని వూరుకోవద్దు. ఆడపిల్లల సంతకాలు మరువవద్దు. వారు పెండ్లయి నగరిలో వున్నా, నెల్లూరులో వున్నా వారసులే. ఇ-సేవా కేంద్రంలో దరఖాస్తు యిచ్చి రసీదు దాచుకోవాలి. ఫసలీ జూన్ 30తో ముగుస్తుంది గనుక ఆ ముందు జరిగే జమాబందిలో అర్జీ యిస్తే పై అధికారి యెదుటనే ఫైలు కదులుతుంది. పట్టా మారిన తరువాత ఆధారులో, పట్టాలో, బ్యాంకిలో పేరు ఒక్కటిగా దిద్దించుకొని, బ్యాంకి ఖాతాకు ఆధారు తగిలించి, వేలిముద్రతో ధృవీకరణ చేయించాలి. 2025లో రైతుకు వేరుగా గుర్తింపు సంఖ్య కూడ యివ్వసాగారు, అదికూడ పట్టా చూచే యిస్తారు.

నమోదయినప్పటినుండి వచ్చే వాయిదాలే గాని వెనుకటివి రావు. 2020 ఏప్రిల్ నాటి రెండువేలు, ఆ తరువాతివి, పోయినవే. ఈ మాట వ్రాయడానికి మాకు మనసు రాలేదు గాని ఆమె ఆశపెట్టుకొని తిరగడం మంచిది కాదు.

1960కి ముందటి తెలుగు దస్తావేజులు వున్నవారు అసలు పత్రము, ఒక నకలు తీసుకొని ఏ ఆదివారమైనా ఉదయం పది గంటలకు సంఘం గదికి రావచ్చును. గొలుసుకట్టు చదివే పెద్దలు యిద్దరు వస్తారు. మేము తమిళంలో వ్రాసిపెడతాము. రుసుము లేదు. అసలు పత్రం మాత్రం యెవరి చేతికీ, మా చేతికి కూడ, యిచ్చి వెళ్లవద్దు.